ఏం బటనో చెప్పని గొంతు

2024 నవంబరు 8, శుక్రవారం. భారత ప్రధాన న్యాయమూర్తిగా జస్టిస్ డి.వై. చంద్రచూడ్‌కు అది ఆఖరి పనిదినం. ఆ రోజు దేశం దృష్టంతా అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ కేసు మీద ఉంది. అదే రోజు ఆయన, జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ మనోజ్ మిశ్రాలతో కలిసి ఇంకో తీర్పు కూడా ఇచ్చారు. రాజీవ్ రతూరీ వర్సెస్ కేంద్ర ప్రభుత్వం. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

చూపులేని రతూరీ ఆ పిటిషన్ వేసింది 2005లో. బహిరంగ స్థలాల్లోకి, రోడ్ల మీదికి, బస్సుల్లోకి తనలాంటివాళ్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లగలిగే ఏర్పాటు కావాలని అడిగారు. 2017 డిసెంబరు 15న జస్టిస్ సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం గడువులు పెట్టి మరీ ఆదేశాలిచ్చింది. గడువులు దాటిపోయాయి. పనులు మాత్రం కదలలేదు. 2023 నవంబరులో కోర్టుకు విసుగొచ్చినట్టుంది. అసలు దేశంలో పరిస్థితి ఏమిటో చూసి చెప్పమని ఒక పని అప్పగించింది.

ఆ పని ఢిల్లీలోని ఏ కమిటీకో వెళ్లలేదు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద, శామీర్‌పేటలో జస్టిస్ సిటీ అని పిలిచే ఆవరణకు వచ్చింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని సెంటర్ ఫర్ డిసెబిలిటీ స్టడీస్‌కు. శామీర్‌పేట అంటే హైదరాబాద్ వాళ్లకు చెరువు, జింకల పార్కు, ఆదివారం దాబా భోజనం. ఆ దారిలోనే దేశంలోని వికలాంగుల హక్కుల గురించి ఏళ్లుగా గట్టిగా ఆలోచిస్తున్న ఒక చిన్న బృందం ఉందని మనలో ఎంతమందికి తెలుసు? దాని వెనక ఉన్న ఆచార్య అమితా ధండా, వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం రూపుదిద్దుకుంటున్నప్పుడే ఆ చర్చల్లో పాలుపంచుకున్న న్యాయశాస్త్రవేత్త. ఈ కేంద్రం ఇచ్చిన నివేదిక పేరు ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’. సుప్రీంకోర్టు తీర్పు చాలావరకు దాని మీదే నిలబడింది.

తీర్పులో అసలు సంగతి ఇది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40వ సెక్షన్ కేంద్రానికి ఒక బాధ్యత అప్పజెప్పింది. భవనాలు, రవాణా, సమాచార సాంకేతికత అందరికీ అందేలా ప్రమాణాలు నిర్ణయిస్తూ నియమాలు చేయాలని. 2017లో నియమాలు వచ్చాయి. కానీ వాటిలో 15(1) నియమం తనంతట తాను ఏదీ గట్టిగా చెప్పకుండా, వేర్వేరు మంత్రిత్వ శాఖల మార్గదర్శకాల వైపు చూపించి ఊరుకుంది. ఆ మార్గదర్శకాలు చాలాచోట్ల ఇలా చేస్తే మంచిది అన్న ధోరణిలో నడుస్తాయి. చట్టం చేసి తీరాలంటోంది. నియమం చేస్తే బాగుంటుందంటోంది. రెండింటికీ పొసగదని ధర్మాసనం తేల్చింది. 15(1) చెల్లదంది. కాలక్రమంలో మెరుగుపరుచుకునేవి మార్గదర్శకాలుగా ఉండొచ్చు గానీ, బేరమాడడానికి వీల్లేని కనీస ప్రమాణాలను వాటి నుంచి విడదీసి మూడు నెలల్లో తప్పనిసరి నియమాలుగా తెమ్మంది. ఆ పనిలో నల్సార్ కేంద్రాన్ని సంప్రదించమంది.

ఇదంతా ర్యాంపులు, లిఫ్టుల గొడవ అనుకునేవాళ్లను శామీర్‌పేటకు ఎంతో దూరం లేని మేడ్చల్‌కు తీసుకెళ్లాలి. ఎంఎంటీఎస్ రైలు చప్పుడు వినపడే ఒక అద్దె ఇంటికి.

ఇక్కడ ఒక మాట. ఈ ఇంట్లోని అక్కాతమ్ముళ్లకు పేర్లు పెట్టడం లేదు. చూపులేని కంప్యూటర్ వాడకందార్లకు ఎదురయ్యే అనుభవాలను ఒక గదిలోకి తెచ్చి చేసిన పునఃకల్పన ఇది. గది బయటి పేర్లు, తేదీలు, సంఘటనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

2025 అక్టోబరు చివరి వారం. తమ్ముడు డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. పుట్టుకతో చూపు లేదు. అక్క జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తుంది. అతని దగ్గరున్నది ఎవరో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. అందులోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 ఆ పాత యంత్రం మీద ఎక్కదు. కొత్తది కొనే స్తోమత లేదు. లినక్స్ వేసుకో, పైసా ఖర్చు లేదు, పాత మెషిన్లకు మంచిది అని స్నేహితుడు పెన్‌డ్రైవ్ ఇచ్చాడు.

"పెన్‌డ్రైవ్ పెట్టిన అక్కా. తెర మీద ఏమొచ్చింది?"

"నల్లగ ఉంది. ఆగు... ఏదో బొమ్మ వచ్చింది."

అతను ఆల్ట్ మీట, దాని పక్కన విండోస్ గుర్తున్న మీట, ఎస్ అక్షరం మూడూ కలిపి నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత స్పీకర్‌లోంచి సన్నటి యంత్రపు గొంతు. "స్క్రీన్ రీడర్ ఆన్."

తెర మీదున్నది చదివి వినిపించే ఆ గొంతు పేరు ఓర్కా. లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌తో పాటే వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అతను ముందుగా చేసిన పని దాని వేగం పెంచడం. అక్క చెవికి అది మాటలాగే లేదు.

"గంత జోరుగ మాట్లాడితే నీకెట్ల సమజైతదిరా?"

"అలవాటైంది. మెల్లగ చదివితే పరీక్ష నాటికి పుస్తకం అయిపోవాల్నా వద్దా?"

భాష ఎంచుకున్నాడు. కీబోర్డు ఎంచుకున్నాడు. వైఫై పాస్‌వర్డు కొట్టాడు. అక్క ఊరికే పక్కన కూర్చుని చూస్తోంది, ఆమె అవసరమే రాలేదు. తర్వాతి తెర వచ్చింది. ట్యాబ్ నొక్కాడు. "బటన్" అంది గొంతు. మళ్లీ ట్యాబ్. "బటన్." మళ్లీ. "బటన్."

"ఏమంటుందిరా?"

"బటన్ అంటుంది. ఏం బటనో చెప్తలేదు."

"నొక్కకు. జర ఆగు, నేను చూస్తా." ఆమె ముందుకు వంగి ఇంగ్లిషు కూడబలుక్కుంది. "డిస్క్ మొత్తం చెరిపెయ్యాల్నా అని అడుగుతుంది. కింద రెండున్నయి. ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు."

"నేను ఏ దాని మీదున్న?"

"ముందుకు."

అతని వేళ్లు కీబోర్డు మీంచి లేచాయి. ఆ డిస్క్‌లో మూడేళ్ల నోట్సు ఉంది. స్నేహితులు చదివి రికార్డు చేసిచ్చిన పాఠాలున్నాయి. పేజీ పేజీ స్కాన్ చేయించుకున్న పుస్తకాలున్నాయి. "అక్కా, నువ్వు డ్యూటీకి పోయినంక చేద్దామనుకున్న," అన్నాడు. "నువ్వుంటివి కాబట్టి."

ఆ తెర వెనక ఏం జరిగిందో కాస్త వివరంగా చూడాలి. విషయమంతా అక్కడే ఉంది.

స్క్రీన్ రీడర్ తెరను చూడదు. దానికి రంగులు, బొమ్మలు తెలియవు. ప్రతి ప్రోగ్రామూ తన కిటికీలో ఏమేం ఉన్నాయో తెర వెనక ఒక జాబితాగా ఇవ్వాలి. ప్రతి వస్తువుకూ మూడు సంగతులు చెప్పాలి. ఇది ఏమిటి, దీని పేరేమిటి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. బటన్, ‘సేవ్ చెయ్యి’, నొక్కడానికి సిద్ధం. లినక్స్‌లో ఈ కబురు మోసే వ్యవస్థ పేరు ఏటీ-ఎస్పీఐ. ప్రోగ్రామర్ తెర మీద ఫ్లాపీ బొమ్మ గీసి పేరు రాయడం మరిచిపోతే చూపున్నవాడికి ఏ తేడా తెలియదు, బొమ్మ చూసి నొక్కేస్తాడు. ఓర్కాకు మాత్రం ఇది బటన్ అన్న ఒక్క ముక్కే అందుతుంది. అందిందే చెబుతుంది. వంటింట్లో అన్నీ ఒకే రకం డబ్బాలు పెట్టి, ఒక్కదాని మీదా చీటీ అంటించకుండా, ఇదీ డబ్బాయే అదీ డబ్బాయే అని చెప్పినట్టు. చీటీ రాయడానికి చాలాసార్లు ఒక్క లైను కోడ్ చాలు. అది కష్టమైన పని కాదు, అయినా రాయలేదన్నదే నాకు బాధ.

ఇది ఒకరిద్దరు ప్రోగ్రామర్ల మతిమరుపైతే ఇంత రాయక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 24.04ను చూడండి. లినక్స్ కొత్తగా వాడేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఉబుంటునే. డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్‌ను అంతకు ముందే కొత్తగా తిరగరాశారు. ఆ విడుదల పత్రంలో, తెలిసిన లోపాల జాబితాలో, కొత్త ఇన్‌స్టాలర్‌లో స్క్రీన్ రీడర్ మద్దతు ఉందిగానీ అసంపూర్ణం అని వాళ్లే రాశారు. దాచకుండా రాసినందుకు వాళ్లను మెచ్చుకోవాలి. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అదే ఇన్‌స్టాలర్‌లో చూపున్నవాళ్లకు సగం తెరలు ఖాళీగా కనిపించి ఉంటే ఆ విడుదల ఆ తేదీన జరిగేదా? తెర పోతే విడుదల ఆగుతుంది. గొంతు పోతే జాబితాలో ఒక వాక్యం చేరుతుంది. ‘చేసి తీరాలి’కీ ‘చేస్తే మంచిది’కీ మధ్య తీర్పు పట్టుకున్న తేడా అదే, ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తోంది.

ఆ గొంతు అక్కడ ఉండడమే ఒక పోరాటం అని కూడా చెప్పాలి. చెప్పకపోతే చాలామందికి అన్యాయం చేసినట్టవుతుంది.

1990ల మధ్యలో, లినక్స్‌ను ఎక్కువగా అక్షరాల తెర మీదే వాడే రోజుల్లోనే, పధ్నాలుగేళ్ల వయసులో గ్లకోమాతో చూపు పోయిన భారతీయుడు టి.వి. రామన్, అమెరికాలో ‘ఈమాక్‌స్పీక్’ రాశారు. ఆయన పుణె, ఐఐటీ బొంబాయిలలో చదివి కార్నెల్‌లో డాక్టరేట్ చేసినవారు. తెరను చదివి వినిపించడంతో సరిపెట్టకుండా, కంప్యూటర్ మొదటినుంచీ చెవికోసమే తయారైతే ఎలా ఉంటుందో అలా రాశారు. ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా వదిలారు.

తర్వాత 2006. ఒకే ఏడాదిలో రెండు చోట్ల రెండు పనులు జరిగాయి. ఆ ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు విండోస్ కోసం ఒక స్క్రీన్ రీడర్ రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి బజారులో ఉన్న ప్రధాన స్క్రీన్ రీడర్ ధర వెయ్యి డాలర్ల దరిదాపు. చాలాచోట్ల కంప్యూటర్ కంటే దాన్ని చదివే గొంతు ఖరీదు. చూపులేనివాడు అందరిలాగే కంప్యూటర్ వాడడానికి అందరికంటే ఎక్కువ ఎందుకు కట్టాలన్నదే కరన్ ప్రశ్న. అంధ పిల్లల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే తోడయ్యాడు. అతనికీ చూపు లేదు. 2007లో ఇద్దరూ కలిసి ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను తయారుచేసే మొజిల్లా ఫౌండేషన్ కొంత డబ్బు సాయం చేసింది. అలా వచ్చిందే ఎన్‌వీడీఏ. మన మేడ్చల్ కుర్రాడు ఇన్నాళ్లూ విండోస్‌లో చదువుకున్నది దాంతోనే. హైదరాబాద్‌లో చూపులేని పిల్లలు కంప్యూటర్ నేర్చుకుంటున్న ఏ గదిలో నిలబడినా ఈ పేరు వినపడకుండా ఉండదు. ధర లేకపోవడం వల్ల ఎంతమంది చదువు నిలబడిందో లెక్కగట్టడం ఎవరి తరం?

2006 సెప్టెంబరులోనే గ్నోమ్ డెస్క్‌టాప్ 2.16తో పాటు ఓర్కా వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన మార్క్ మల్కహీ సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఇంజినీరు, చూపులేనివాడు. తర్వాత విల్లీ వాకర్ నాయకత్వంలో ఒక జట్టు దాన్ని పెంచింది. జీతాలు సన్ ఇచ్చేది.

2010 జనవరి చివర్లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. కొన్ని వారాల్లో ఆ జట్టులో ఉద్యోగాలు పోయాయి. వాకర్ కూడా వెళ్లిపోయారు.

ఆ రోజుల్ని ఊహించుకుంటే నాకు గుండె ఝల్లుమంటుంది. లినక్స్ డెస్క్‌టాప్ వాడుతున్న అంధులకు ప్రధానంగా ఉన్నది ఆ ఒక్క గొంతు. దాన్ని కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు ఇక జీతం లేదు. కోడ్ ఎక్కడికీ పోలేదు, అది అందరిదీ. కానీ డెస్క్‌టాప్ ఆరు నెలలకోసారి మారుతుంటే దాని వెంట పరుగెత్తని స్క్రీన్ రీడర్ కొన్నాళ్లకే మూగబోతుంది. అప్పుడు ముందుకొచ్చింది మసాచుసెట్స్‌లో అంధుల శిక్షణ సంస్థ కారోల్ సెంటర్‌లో పనిచేస్తున్న జోన్‌మేరీ డిగ్స్. రోజూ చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పుతూ, వాళ్లెక్కడ ఆగిపోతున్నారో కళ్లారా చూస్తూ ఓర్కాలో తప్పులు దిద్దుతూ వచ్చిన మనిషి. ఓర్కా బాధ్యత ఆమె తీసుకుంది. తర్వాత స్పెయిన్‌కు చెందిన ఇగాలియా కంపెనీ ఆమెకు ఆ పనికోసం చోటిచ్చింది.

ఏడాది తిరిగేసరికి 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. కింద పునాది మొత్తం మార్చారు. ఓర్కాకు కబురు మోసే వ్యవస్థను కూడా కొత్త దారి మీద తిరగరాయాల్సి వచ్చింది. అది కుదురుకునేదాకా చూపులేని వాడకందార్లు పాత వెర్షన్లనే పట్టుకుని వేలాడారు.

తర్వాత వేలాండ్. లినక్స్‌లో తెరను నడిపే పాత వ్యవస్థ ఎక్స్ 11 కింద ఏ ప్రోగ్రామైనా ఏ మీటనైనా వినగలిగేది. అందులో ప్రమాదం ఉంది, మీ పాస్‌వర్డు కూడా ఎవరైనా వినొచ్చు. వేలాండ్ ఆ తలుపు మూసింది. మంచి పనే. కానీ ఆ తలుపులోంచే స్క్రీన్ రీడర్ కూడా మీటలు వినేది. ఇన్‌సర్ట్ పట్టుకుని ఒక మీట నొక్కితే మొత్తం చదువు, ఇంకోటి నొక్కితే ఆగు. ఇలాంటి ఆజ్ఞలన్నీ స్క్రీన్ రీడర్ మీటల్ని వింటేనే పనిచేస్తాయి. తలుపు మూసేముందు దానికొక కిటికీ పెట్టలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి 2025 మార్చిలో గ్నోమ్ 48తో ఆ కిటికీ సరిగా తెరుచుకుంది. ఇందులో రెడ్ హ్యాట్ ఉద్యోగిగా చేరిన చూపులేని ప్రోగ్రామర్ లూకాష్ తిరిఖ్టర్ కృషి ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 49లో ఎక్స్ 11 దారిని మామూలుగా వాడేవాళ్లకు మూసేశారు. అంటే పాత దారి మూతపడటానికి ఆరు నెలల ముందు కొత్త దారి అందింది. ఆరు నెలలు ఆలస్యమై ఉంటే?

డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా గమనించండి. 2023లో జర్మనీ ప్రభుత్వపు సావరిన్ టెక్ ఫండ్ గ్నోమ్‌కు 10 లక్షల యూరోలు ఇచ్చింది. అందులో ఒక భాగం అందుబాటు (యాక్సెసిబిలిటీ) పనులకు వెళ్లింది. మ్యాట్ క్యాంప్‌బెల్ అనే ప్రోగ్రామర్ వేలాండ్‌కు తగ్గట్టు కొత్త అందుబాటు వ్యవస్థను మొదటినుంచీ ఆలోచించి రాయడం మొదలుపెట్టాడు. ఒక దేశం ప్రజాధనం పెడితే ఏమవుతుందో అక్కడ కనపడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చూపు లోపం ఉన్నవాళ్లు మన దేశంలో 50 లక్షల పైచిలుకు. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్‌సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కే మొదటి ప్రాధాన్యం అని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఆ రెండు సంగతులనూ ఒకే బల్ల మీద పెట్టి చూసిన అధికారి ఉన్నట్టు నాకు కనపడలేదు. ప్రభుత్వం ఓపెన్‌సోర్స్‌ను ఎంచుకుంటే దానిలోని గొంతు బాధ్యత కూడా కొంత ప్రభుత్వానిదే అవుతుంది. డబ్బు మిగిలిందని సంతోషించి వదిలేస్తే, ఆ ఆఫీసులోని చూపులేని ఉద్యోగి ఆ మిగులుకు మూల్యం కడతాడు.

మేడ్చల్ గదికి వద్దాం. ఆ సాయంత్రం అక్క షిఫ్టుకు వెళ్లకముందే ఇద్దరూ కలిసి నోట్సు మొత్తం బయటి డిస్క్‌లోకి ఎక్కించారు. తర్వాతే ఆ ‘ముందుకు’ బటన్ నొక్కారు. లినక్స్ వచ్చింది. పాత ల్యాప్‌టాప్ చురుగ్గా నడిచింది. ఫైర్‌ఫాక్స్ చదివింది, లిబ్రెఆఫీస్‌లో నోట్సు రాసుకోగలిగాడు. రెండో కష్టం తెలుగులో వచ్చింది.

పరీక్షకు సంబంధించిన తెలుగు మెటీరియల్ ఒకటి పీడీఎఫ్‌గా చేతికొచ్చింది. తెరిచాడు. ఓర్కా చదవడం మొదలుపెట్టింది. పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు, డాలర్, కామా, బ్రాకెట్, ఏదో యూరప్ అక్షరం, మళ్లీ డాలర్.

"ఇది తెలుగేనా అక్కా?"

"మంచిగ ముత్యాల్లెక్క ఉందిరా తెలుగు."

డీటీపీ తెలిసినవాళ్లకు ఇది ఏమిటో ఈపాటికి అర్థమై ఉంటుంది. అను ఫాంట్లు. దశాబ్దాలుగా మన అచ్చు ప్రపంచం వాటి మీదే నడిచింది. ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు. కంటికి ‘రాజ్యాంగం’, యంత్రానికి చెత్త. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే యూనికోడ్‌లో కూర్చిన పేజీ అయితే ఈస్పీక్ తెలుగు గొంతు ఎంత మొరటుగా అయినా చదివేది. ఇంగ్లండ్‌కు చెందిన జొనాథన్ డడింగ్టన్ మొదలుపెట్టిన ఆ ఉచిత గొంతులో తెలుగు ఉంది. ఒత్తులు తడబడతాయి, యాస పరాయిది, అయినా అర్థమవుతుంది. డెబియన్ లినక్స్ భాండాగారంలో ఫెస్టివల్ అనే మరో వ్యవస్థకు తెలుగు మాడ్యూలు, ఒక తెలుగు మగ గొంతు ఏళ్లుగా ఉన్నాయి. గొంతులున్నాయి. చదవడానికి తెలుగు ఇవ్వడం లేదు.

అతను దారి వెతుక్కున్నాడు. కేరళకు చెందిన నలిన్ సత్యన్ అంధుల కోసం తయారుచేసిన లయోస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కేరళలోనే ‘యాక్సెసిబుల్ కొకొనట్’ పేరుతో అంధుల కోసం ఒక పూర్తి లినక్స్ కూడా కూర్చారు. లయోస్ పేజీని ఫొటోగా తీసుకుని టెస్సరాక్ట్ అనే ఓసీఆర్‌తో అక్షరాలుగా మారుస్తుంది. టెస్సరాక్ట్ ఒకప్పుడు హెచ్‌పీ ప్రయోగశాలలో పుట్టి 2005లో ఓపెన్‌సోర్స్ అయింది, తెలుగు నేర్చుకుంది. పేజీలు ఒక్కొక్కటే మార్చాడు. ఒత్తుల దగ్గర తప్పులు. ‘క్ష’ ఒకచోట ‘క’ అయింది, ఇంకోచోట మాయమైంది. సుమారుగా అర్థమైంది. ఆ పుస్తకాన్ని కూర్చినవాళ్లు ఆఖర్న యూనికోడ్‌లో ఒక కాపీ ఇచ్చి ఉంటే ఈ శ్రమంతా ఎందుకు? తెలుగు ప్రచురణకర్తలను, అకాడమీలను, ప్రభుత్వ ముద్రణాలయాలను నేను అడుగుతున్నది ఇదే. అచ్చుకు మీకు నచ్చిన ఫాంటు వాడుకోండి. చదువుకునేవాళ్లకు మాత్రం యూనికోడ్ ప్రతి ఇవ్వండి. మార్చే సాధనాలు మీ దగ్గరే ఉన్నాయి.

అప్పటికే కోర్టుల్లో దారి ఇంకొంచెం తెరుచుకుంది. 2025 మార్చి 3న సుప్రీంకోర్టు, చూపు లేదన్న కారణంతో ఎవరినీ న్యాయాధికారి ఉద్యోగానికి అనర్హులనడానికి వీల్లేదంది. ఏప్రిల్ 30న యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తేల్చింది. డిజిటల్ ఉత్పత్తులు అందరికీ అందేలా ఉండడానికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్ని ఇప్పటికే రాసిపెట్టింది, 2023లో అది నియమాల్లోకీ వచ్చింది. కళాశాలకు కంప్యూటర్లు కొనేటప్పుడు, జిల్లా కార్యాలయానికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు, ఐఎస్ 17802కు లోబడి ఉందా, స్క్రీన్ రీడర్‌తో ఎవరు పరీక్షించారు అని కొనుగోలు పత్రంలో అడగడానికి ఏ కొత్త జీవో కోసమూ ఆగక్కర్లేదు.

నవంబరులో ఒక రోజు. అతను నోట్సు రాసుకోవడానికి ఒక చిన్న ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ వేసుకున్నాడు. ఎక్కడో దూరదేశంలో ఒక్క మనిషి తీరిక వేళల్లో నడిపే ప్రాజెక్టు. అందులో పైన ఐదు బటన్లు. ఐదూ "బటన్" అనే అంటున్నాయి. ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏది ఏమిటో కనుక్కున్నాడు. వాటికి పేర్లు రాసి పంపాడు. స్నేహితుడి సాయంతో కోడ్ తెరిచి ఐదు లైన్లు చేర్చి, ఆ మార్పును కూడా పంపాడు. రెండో రోజుకే జవాబొచ్చింది. థాంక్స్, చేర్చేశాను, ఇన్నాళ్లూ తెలియలేదు క్షమించండి అని. బజారులో కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఇది జరిగే పని కాదు. చూపులేని కుర్రాడు మేడ్చల్‌లో కూర్చుని తన ఇబ్బంది తానే దిద్దుకోగలగడం, అది ప్రపంచంలో అందరికీ అందడం ఓపెన్‌సోర్స్‌లోనే కుదురుతుంది. నాకు దాని మీదున్న ప్రేమకు కారణం అదే.

కానీ అతను అక్కడితో ఆగలేదు. వచ్చే వెర్షన్‌లో కొత్త బటన్ పెడితే మళ్లీ ఇదే కదా అని అడిగాడు. ప్రతి విడుదలకు ముందు చూసుకునే పనుల పట్టికలో ఈ పరీక్షను చేర్చమన్నాడు. ఆ దూరదేశపు ప్రోగ్రామర్ మంచివాడు. వెంటనే పట్టికలో ఒక లైను చేర్చి చూపించాడు. వీలైతే స్క్రీన్ రీడర్‌తో పరీక్షించాలి.

అక్క రాత్రి షిఫ్టు అయ్యి వచ్చేసరికి తమ్ముడింకా ల్యాప్‌టాప్ ముందే ఉన్నాడు. అన్నం గిన్నె మూత తీయలేదు.

"ఏం రాస్తున్నవ్‌రా గంతసేపటి సంది?"

"గాయిన ‘వీలైతే’ అని పెట్టిండు అక్కా. అది తీసెయ్యమని రాస్తున్న."